ములుకోల మొన నుంచి సెంటర్ దాకా

'సెంటర్' ఇంగ్లీషు మాటే అయినా తెలుగునాట దాని అర్థం కోసం నిఘంటువు తిరగేసేవారు ఉండరు. గుంటూరులో లాడ్జి సెంటర్ దగ్గర ఆటో దిగే ప్రయాణికులు, పరీక్ష సెంటర్ ఎక్కడ పడిందో హాల్ టికెట్‌లో చూసుకునే విద్యార్థులు, కొత్త సినిమా ఎన్ని సెంటర్లలో యాభై రోజులు ఆడిందో లెక్కగట్టే అభిమానులు, ఐకేపీ సెంటర్‌కు వడ్లు తోలే రైతులు అందరూ వాడేది ఈ మాటే. కానీ ఈ నలుగురి నోటా దాని అర్థం ఒకటి కాదు. మొదటిది నాలుగు రోడ్ల కూడలి. రెండోది ఒక బడో కాలేజీయో. మూడోది ఒక ఊరు. నాలుగోది ధాన్యం కాంటా వేసే చోటు. వీటిలో ఏదీ దేనికైనా సరిగ్గా నడిమధ్యన ఉండాలన్న నియమం లేదు. ఒక్క బిందువుకు పేరుగా నిలిచిన మాట ఇన్ని చోట్లకు ఎలా పాకిందో దాని పుట్టుపూర్వోత్తరాలు చెబుతాయి.

ఎద్దును అదిలించే ముల్లు

ఈ మాటకు మూలం గ్రీకు భాష. అందులో 'కెంతెయిన్' అంటే పొడవడం, గుచ్చడం. ఆ క్రియ నుంచి పుట్టిన నామవాచకం 'కెంత్రోన్'. మొదట్లో దానికి స్థలంతో సంబంధమే లేదు. ఎద్దును అదిలించడానికి కర్ర చివర బిగించిన ముల్లు కెంత్రోన్. మన రైతులు ములుకోల, ముల్లుగర్ర అన్నది దీన్నే. కందిరీగ కొండిని కూడా గ్రీకులు కెంత్రోన్ అనే అన్నారు. బైబిల్ కొత్త నిబంధనలోని అపొస్తలుల కార్యములలో ములుకోలకు ఎదురు తన్నే ఎద్దు పోలిక ఒకటి వస్తుంది. గ్రీకు మూలంలో అక్కడున్నది ఈ మాటే. తెలుగు బైబిల్ దాన్ని 'మునికోల' అని అనువదించింది.

ముల్లుకు పెట్టిన పేరు వృత్తం నడుమకు చేరడానికి కారణం ఒక పనిముట్టు. వృత్తలేఖినికి రెండు కాళ్లు. ఒక కాలి మొన గుచ్చుకుని కదలకుండా నిలబడుతుంది. రెండో కాలు దాని చుట్టూ తిరిగి గీత గీస్తుంది. గుచ్చుకున్న ఆ మొన పేరు కెంత్రోన్. పని ముగించి పనిముట్టు తీసేశాక మిగిలే చిన్న గుంటకూ అదే పేరు నిలిచింది. గణితం చేతికి వచ్చేసరికి గుంట కూడా పోయి పొడవూ వెడల్పూ లేని బిందువు మిగిలింది. క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ తన 'ఎలిమెంట్స్' కూర్చేనాటికి వృత్తం నడిమి బిందువుకు ఇదే స్థిరమైన పేరు.

అంటే సెంటర్ మొదటి నుంచీ వెతికి పట్టుకునే చోటు కాదు, ఎవరో ఒక మొన గుచ్చి నిలిపిన చోటు. వృత్తం ఆ తర్వాత వస్తుంది. ఈ మాట తర్వాతి ప్రయాణమంతా ఈ సంగతినే పదేపదే రుజువు చేస్తుంది.

పాత అర్థం ఇనుము పని చేసే షెడ్లలో ఇప్పటికీ సజీవంగా ఉంది. ఇనుప పలకకు రంధ్రం వేయాలంటే ఫిట్టర్ ముందుగా రెండు అడ్డగీతలు గీసి, అవి కలిసే చోట 'సెంటర్ పంచ్' ఆనిస్తాడు. అది వేలెడంత ఉక్కు కడ్డీ, కొస పదునుగా ఉంటుంది. దాని నెత్తిన సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే పలక మీద ఆవగింజంత గుంట పడుతుంది. డ్రిల్లు బిట్టు ఆ గుంటలో కూర్చుని పక్కకు జారకుండా దిగుతుంది. పొడవడం, గుర్తు నిలపడం, దాని ఆధారంగా పని నడవడం అనే మూడూ ఆ ఒక్క దెబ్బలో ఉన్నాయి.

లాటిన్ మీదుగా ఇంగ్లీషుకు

గ్రీకు కెంత్రోన్‌ను రోమన్లు 'కెంత్రుమ్' చేసుకున్నారు. లాటిన్ నుంచి అది పాత ఫ్రెంచికి, అక్కడి నుంచి 14వ శతాబ్దంలో ఇంగ్లీషుకు వచ్చింది. ఆ శతాబ్దం చివర్లో రాసిన జెఫ్రీ చాసర్ రచనల్లో ఈ మాట కనిపిస్తుంది. అప్పటి విశ్వచిత్రంలో భూమి నడుమ ఉండేది, గ్రహాలూ నక్షత్రాలూ దాని చుట్టూ తిరిగేవి. అందువల్ల ఏ విశేషణమూ లేకుండా సెంటర్ అంటే భూగర్భం నడిమి బిందువు అనే అర్థం కూడా చాలాకాలం నడిచింది.

ఇంగ్లండులో ఒకటి, అమెరికాలో ఒకటిగా దీనికి రెండు వర్ణక్రమాలు ఉన్న సంగతి బడిపిల్లలకూ తెలుసు. చివర 'ఆర్‌ఈ' రాయడం బ్రిటిష్ పద్ధతి, 'ఈఆర్' రాయడం అమెరికన్ పద్ధతి. అమెరికన్లు మాటను పాడుచేశారన్న అపోహ ఒకటి ఉంది. నిజానికి 16వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం దాకా ఇంగ్లండులోనూ 'ఈఆర్' రూపం విరివిగా కనిపిస్తుంది. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు ఫ్రెంచి పోలిక ఉన్న రూపాన్ని ఎంచుకోవడంతో బ్రిటన్‌లో అది స్థిరపడింది. 19వ శతాబ్దం మొదట్లో నోవా వెబ్‌స్టర్ నిఘంటువులు రెండో రూపాన్ని అమెరికాలో ఖాయం చేశాయి. భారతదేశం బ్రిటిష్ పద్ధతిని అనుసరిస్తుంది గనుక ఇక్కడి ప్రభుత్వ బోర్డుల మీద ఉండేది మొదటి రూపం.

ఇంగ్లీషులో ఇంచుమించు ఇదే అర్థమిచ్చే మరో మాట 'మిడిల్'. సెంటర్ అంచులన్నిటికీ లెక్కప్రకారం నడుమన ఉన్న బిందువు, లేదా చుట్టూ ఉన్నవి వచ్చి కలిసే చోటు. మిడిల్ రెండు కొసల మధ్య భాగం, దానికి కచ్చితమైన హద్దు అక్కర్లేదు. అందుకే వృత్తానికి సెంటర్, వరుసకు మిడిల్. అర్ధరాత్రిని, కథ మధ్య భాగాన్ని చెప్పేటప్పుడు మిడిలే వాడాలి. కాలానికి సెంటర్ అతకదు. తెలుగులో 'మధ్య', 'నడుమ' మిడిల్‌కు దగ్గర. 'నట్టనడుమ', 'నడిబొడ్డు' సెంటర్‌కు దగ్గర.

తోబుట్టువు కేంద్రం

సెంటర్‌కు అచ్చమైన మన అనువాదంగా చాలామంది 'కేంద్రం' అనే మాటను చూపుతారు. అసలు సంగతేమిటంటే అవి రెండూ ఒకే తల్లి బిడ్డలు. సంస్కృత కేంద్ర శబ్దం కూడా గ్రీకు కెంత్రోన్ నుంచే వచ్చింది. సామాన్యశకం తొలి శతాబ్దాల్లో గ్రీకు జ్యోతిషం భారతదేశానికి వచ్చినప్పుడు దాని పరిభాష కూడా వెంట వచ్చింది. యవనుల, అంటే గ్రీకుల, పేరు మీదే వెలసిన 'యవనజాతకం', 6వ శతాబ్దపు వరాహమిహిరుడి 'బృహజ్జాతకం' ఆ పరిభాషతో నిండి ఉంటాయి.

గ్రీకు జ్యోతిష్కులు జాతకచక్రంలో నాలుగు ముఖ్యస్థానాలను కెంత్రా అన్నారు. అవి తూర్పున ఉదయించే చోటు, నడినెత్తి, పడమట అస్తమించే చోటు, నేలకు కింద అధోబిందువు. ఇవే మన జాతకాల్లో 1, 4, 7, 10 స్థానాలు. వీటి పేరు కేంద్రాలు. వీటి తర్వాతి స్థానాలైన 2, 5, 8, 11కు 'పణఫరాలు' అని, 3, 6, 9, 12కు 'ఆపోక్లిమాలు' అని పేర్లు. ఈ రెండూ సైతం గ్రీకు మాటలే, ఎపనఫోరా, అపోక్లిమా. జాతకంలో చంద్రుడికి కేంద్రంలో గురుడుంటే గజకేసరి యోగమని సిద్ధాంతిగారు చెప్పే మాటలో గ్రీకు పదం ఒకటి దాగి ఉంది. అందులో నడుమ అన్న అర్థం మచ్చుకైనా లేదు.

ఖగోళ గణితంలో కేంద్రానిది ఇంకో దారి. సిద్ధాంత గ్రంథాల్లో మందకేంద్రం, శీఘ్రకేంద్రం అనేవి గ్రహస్థానాన్ని సవరించడానికి వాడే కోణదూరాలు. పాశ్చాత్య గణితం మన బడుల్లోకి వచ్చాక వృత్తం నడిమి బిందువుకు ఈ పేరే స్థిరపడింది. ఒకే మాట ఒక శాఖ లాటిన్, ఫ్రెంచి, ఇంగ్లీషు మీదుగానూ, మరో శాఖ జ్యోతిషం, సంస్కృతం మీదుగానూ నడిచి చివరికి తెలుగు వాక్యంలో పక్కపక్కన నిలిచింది. 'పరీక్షా కేంద్రం' అన్నా, 'ఎగ్జామ్ సెంటర్' అన్నా మూలం అదే ముల్లు.

శాస్త్రంలో, మేస్త్రీ పనిలో

సెంటర్ నుంచి పుట్టిన శాస్త్రపదాల కుటుంబం పెద్దది. వస్తువు బరువంతా ఒక్కచోట ఉన్నట్టు లెక్కించే బిందువు 'సెంటర్ ఆఫ్ గ్రావిటీ'. క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఆర్కిమిడీస్ పరిశీలించిన ఈ బిందువుకు తెలుగు పాఠ్యపుస్తకాలు గరిమనాభి అని పేరు పెట్టాయి. తిరిగే వస్తువును నడుమకు లాగే బలానికి న్యూటన్ పెట్టిన పేరు తెలుగులో అభికేంద్ర బలం. అంతకు ముందే హైగన్స్ పేరుపెట్టిన, బయటికి తోసినట్టు అనిపించే బలం అపకేంద్ర బలం. భూకంపం పుట్టిన నాభికి సరిగ్గా పైన నేల మీద ఉండే చోటు 'ఎపిసెంటర్', అంటే అధికేంద్రం. పరమాణువు నడుమ ఉండే న్యూక్లియస్‌కు ఇంగ్లీషు పేరు లాటిన్‌లో గింజ అనే మాట నుంచి వచ్చింది. తెలుగు మాత్రం దానికీ కేంద్రం నుంచే కేంద్రకం అనే పేరు చేసుకుంది.

'ఎక్సెంట్రిక్' కథ ఇంకొంచెం రసవత్తరం. భూమి చుట్టూ గ్రహాలు తిరుగుతాయని నమ్మిన ప్రాచీన గ్రీకు ఖగోళజ్ఞులకు ఒక చిక్కు ఎదురైంది. సూర్యుడి వేగం ఏడాది పొడవునా ఒకేలా కనిపించదు. దాంతో సూర్యుడు తిరిగే వృత్తానికి భూమి సరిగ్గా నడుమ లేదని, కాస్త పక్కకు ఉందని వారు ఊహించారు. నడుమ తప్పిన ఆ వృత్తం ఎక్సెంట్రిక్. సూర్యుడి చుట్టూ భూమి తిరిగే దారిలోనూ ఆ తేడా ఉంది. జనవరి మొదట్లో సూర్యుడికీ భూమికీ దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జూలై మొదట్లో సుమారు 15.2 కోట్లు. ఈ లక్షణాన్ని తెలుగులో ఉత్కేంద్రత అంటారు. ఆ తర్వాత ఇంగ్లీషు వాళ్లు లోకం పోకడకు పక్కగా నడిచే మనిషిని కూడా ఎక్సెంట్రిక్ అనడం మొదలుపెట్టారు.

పుస్తకం పట్టని మేస్త్రుల నోట్లో ఈ కుటుంబానికి చెందిన మాట రోజూ నలుగుతుంది. అది 'సెంట్రింగ్'. ఇంటికి స్లాబు వేసే ముందు కింద పోట్లు నిలిపి, పైన రేకులో చెక్కలో పరిచి, ఇనుము కట్టి, కాంక్రీటు పోస్తారు. ఆ ఆధారమంతా సెంట్రింగే. నడుమ అనే అర్థం ఇందులో ఎక్కడా కనిపించదు. ఈ మాట కమాను కట్టే రోజుల నాటిది. ఇటుకలతోనో రాళ్లతోనో కమాను కట్టాలంటే చివరి రాయి బిగిసేదాకా అది తన బరువు తాను మోయలేదు. అందుకని ముందుగా కమాను వంపు ఉన్న చెక్క చట్రం నిలబెట్టి దాని మీద రాళ్లు పేర్చేవారు. ఆ వంపును ఒక కేంద్రం నుంచి గీసేవారు గనుక చట్రానికి ఇంగ్లీషులో సెంటర్ అని, దాన్ని నిలిపే పనికి సెంట్రింగ్ అని పేర్లు వచ్చాయి. కమాన్లు పోయి చదును స్లాబులు వచ్చాయి. గీయడానికి వంపూ లేదు, దానికి కేంద్రమూ లేదు. పని పేరు మాత్రం అలాగే ఉంది.

సెంటర్‌కు చుట్టరికం ఉన్నట్టు వినిపించినా లేని మాటలు కొన్ని ఉన్నాయి. ఎకరంలో నూరో వంతైన 'సెంటు' భూమి, 'సెంటీమీటరు' లాటిన్‌లో నూరు అనే అర్థమున్న 'కెంతుమ్' నుంచి వచ్చాయి. ఒంటికి పూసుకునే 'సెంటు' వాసన అనే అర్థమున్న వేరే ఇంగ్లీషు మాట.

లోకానికి నడుమ ఎక్కడ?

గ్రీకులు వృత్తం నడుమకు ముల్లు పేరు పెట్టినా, లోకం నడుమకు మాత్రం బొడ్డు పేరే పెట్టారు. జ్యూస్ దేవుడు లోకపు రెండు అంచుల నుంచి వదిలిన రెండు గద్దలు డెల్ఫీలో కలిశాయని, అదే భూమి నడుమ అని వారి పురాణం. అక్కడ నిలిపిన రాయి పేరు 'ఓంఫలోస్', అంటే బొడ్డు.

తెలుగు ఊళ్ల ఆలోచన కూడా ఇలాంటిదే. ఊరు కట్టేటప్పుడు నడుమన పాతే రాయి బొడ్రాయి, కోస్తాలో బొడ్డురాయి. తెలంగాణ పల్లెల్లో బొడ్రాయి ప్రతిష్ఠ ఇప్పటికీ ఊరుమ్మడి పండుగ. అత్తవారింటికి వెళ్లిన ఆడబిడ్డలను పిలిపిస్తారు, బిందెలతో నీళ్లు పోస్తారు, బోనాలు ఎత్తుతారు, పొలిమేర చుట్టూ పొలి చల్లుతారు. నడుమ రాయి, అంచున పొలిమేర, ఈ రెంటి మధ్యా ఊరు. కొత్త కాలనీలు ఒకే దిక్కుకు పెరిగి బొడ్రాయి ఓ మూలకు పడ్డా దాన్ని కదపరు. ఊరికి నడుమ అంటే కొలిచి తేల్చేది కాదు, పెద్దలు పాతింది.

రాజ్యాలు కూడా ఈ పనే చేశాయి. క్రీ.పూ. 20లో అగస్టస్ చక్రవర్తి రోమ్ నగరంలో 'బంగారు మైలురాయి' నిలిపాడు. లండన్ నుంచి దూరాలను చేరింగ్ క్రాస్ దగ్గరున్న మొదటి చార్లెస్ విగ్రహం నుంచి కొలవడం అక్కడి ఆనవాయితీ. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కొత్త నగరానికి చార్మినార్‌ను నడుమ నిలిపి నాలుగు దిక్కులకూ నాలుగు దారులు తీయించాడు.

లెక్కతోనే కేంద్రాన్ని పట్టుకునే ప్రయత్నం అమెరికా జనగణన శాఖ చేస్తోంది. దేశపటాన్ని చదునైన పలక అనుకుని, ప్రతి మనిషికీ ఒకే బరువు ఉందనుకుంటే ఆ పలక ఏ బిందువు మీద తూగి నిలుస్తుందో లెక్కగడతారు. దాని పేరు జనాభా కేంద్రం. 1790లో అది తూర్పు తీరాన మేరీల్యాండ్‌లోని కెంట్ కౌంటీలో ఉంది. జనం పడమటికి తరలిన కొద్దీ అదీ తరలిపోయి 2020 లెక్కలో మిస్సోరీ రాష్ట్రంలోని హార్ట్‌విల్ అనే చిన్న ఊరి దగ్గర తేలింది. లెక్క తీసిన కేంద్రం పదేళ్లకోసారి కదులుతుంది, పాతిన కేంద్రం కదలదు.

తెలుగు ఊళ్లలో సెంటర్లు

కోస్తా పట్టణాల్లో నాలుగు దారులు కలిసే చోటును సెంటర్ అనడం మామూలు. అది పట్టణానికి నడుమ ఉందా, శివారున ఉందా అన్నది ఎవరూ చూడరు. జనం దిగి ఎక్కే చోటు, టీ బంకు, ఆటో స్టాండు ఉంటే అది సెంటరే. ఒక్కో పట్టణంలో పదుల సంఖ్యలో సెంటర్లుంటాయి. గణితంలో ఒక వృత్తానికి ఒకటే కేంద్రం. ఈ వాడుకకు ఆ కట్టుబాటు లేదు. పక్కనున్న కాలేజీ, సినిమా హాలు, హోటలు, విగ్రహం దానికి పేరు ఇస్తాయి. నెల్లూరు వీఆర్సీ సెంటర్‌కు కాలేజీ, విజయవాడ అలంకార్ సెంటర్‌కు సినిమా హాలు పేరు పెట్టాయి.

ప్రాంతం మారితే మాట మారుతుంది. విశాఖపట్నంలో అది జంక్షన్, జగదాంబ జంక్షన్ లాగా. రాయలసీమలో ఎక్కువగా సర్కిల్, తిరుపతి లీలామహల్ సర్కిల్ లాగా. తెలంగాణలో ఉర్దూ నుంచి వచ్చిన చౌరస్తా, హనుమకొండ చౌరస్తా లాగా. హైదరాబాద్‌లో క్రాస్ రోడ్స్ కూడా వినిపిస్తుంది. కోస్తాకు ఆనుకున్న ఖమ్మంలో మాత్రం మయూరి సెంటర్ వంటి పేర్లున్నాయి.

సినిమా వ్యాపారం సెంటర్‌ను ఊరికి పర్యాయపదం చేసింది. పెద్ద నగరాలు ఏ సెంటర్లు, ఓ మోస్తరు పట్టణాలు బీ సెంటర్లు, చిన్న ఊళ్లు సీ సెంటర్లు. ప్రింట్లు తక్కువగా తీసే రోజుల్లో సినిమా ముందు ఏ సెంటర్లలో ఆడి, అక్కడ రాబడి తగ్గాక అవే ప్రింట్లు బీ, సీ సెంటర్లకు వెళ్లేవి. ఒకే హాల్లో వంద రోజులు ఆడితే 'డైరెక్ట్', ఊళ్లోనే మరో హాలుకు మారి ఆడితే 'షిఫ్ట్'. వందరోజుల పోస్టర్ మీద సెంటర్ల పేర్లు వరుసగా వేసేవారు. డిజిటల్ విడుదలలతో అన్ని ఊళ్లలో ఒకే రోజు సినిమా పడుతున్నా, 'బీ, సీ సెంటర్ల ప్రేక్షకులు' అనే మాట మాస్ అభిరుచికి గుర్తుగా నిలిచిపోయింది.

పాలనలో కేంద్రం

ప్రభుత్వ తెలుగులో సెంటర్ స్థానం కేంద్రానిది. అంగన్‌వాడీ కేంద్రం, పోలింగ్ కేంద్రం, మీసేవ కేంద్రం, ఆకాశవాణి విజయవాడ కేంద్రం అన్నీ సేవ అందే చోట్లు. జిల్లా కేంద్రం, మండల కేంద్రం అంటే కార్యాలయాలున్న ఊరు. కృష్ణా జిల్లా కేంద్రం మచిలీపట్నం బంగాళాఖాతం ఒడ్డున ఉంది. ఆ ఊరు పటంలో జిల్లాకు అంచు, పాలనలో జిల్లాకు కేంద్రం.

రాజకీయాల్లో ఈ మాటకు రెండు అర్థాలు. ఒకటి ఫ్రాన్స్ నుంచి వచ్చింది. 1789 నాటి ఫ్రెంచి జాతీయసభలో రాజు అధికారాలను సమర్థించేవారు సభాధ్యక్షుడికి కుడివైపున, వ్యతిరేకించేవారు ఎడమవైపున కూర్చున్నారు. ఆ కుర్చీల అమరిక నుంచే లెఫ్ట్, రైట్, వాటి నడుమ సెంటర్ అనే విభజన వచ్చింది. తెలుగు దాన్ని మధ్యేవాదం అంటుంది.

రెండోది ఢిల్లీలోని ప్రభుత్వం. 1950 నుంచి అమల్లో ఉన్న రాజ్యాంగం మొదటి అధికరణలోనే భారతదేశాన్ని రాష్ట్రాల యూనియన్ అంది. అయినా 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం, పత్రికలు, జనం వాడేది 'సెంట్రల్ గవర్నమెంట్', 'సెంటర్', 'కేంద్రం'. యానాం ఇంగ్లీషులో 'యూనియన్ టెరిటరీ'లో భాగం, తెలుగులో కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. యూనియన్ అంటే కలిసినవాటి సమూహం, సెంటర్ అంటే మిగతావన్నీ దేని చుట్టూ ఉంటాయో ఆ చోటు. ఈ తేడా మీద రాజకీయ వాదాలే నడిచాయి. 1980లలో ఎన్.టి.రామారావు 'కేంద్రం మిథ్య' అన్నారు. 1983లో ఏర్పాటైన సర్కారియా కమిషన్‌కు అప్పగించిన పని కేంద్ర, రాష్ట్ర సంబంధాల పరిశీలన. 2021లో తమిళనాడు ప్రభుత్వం కేంద్రానికి బదులు 'ఒన్రియ అరసు', అంటే యూనియన్ ప్రభుత్వం అనే మాటను వాడుకలోకి తెచ్చింది. తెలుగు పత్రికలు, తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు మాత్రం ఇప్పటికీ కేంద్రం అనే రాస్తున్నాయి.